కోటేశ్వరరావు గారి తెల్ల పంచె

నేను రిటైరవడానికి ముందు ఏడాది, అక్టోబరు నెలలో, దివిసీమలో వ్యవసాయాధికారిగా ఉన్నాను. నాగాయలంకకు అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్లో వరి పొలాలకు ఉప్పునీరు ఎక్కుతోందని ఫిర్యాదు వచ్చింది. విచారించి నివేదిక ఇమ్మని నాకు ఉత్తర్వు వేశారు. ఫిర్యాదు చేసింది కోటేశ్వరరావు గారనే పెద్ద రైతు. పక్కనే ఉన్న రూతమ్మ రొయ్యల చెరువు గట్టులోంచి ఉప్పునీరు ఊరి, తన వానాకాలపు సార్వా వరి పసుపెక్కుతోందని ఆయన వాదన.

ఇలాంటి విచారణలో మొదట పొలంలో అక్కడక్కడా నీరు తీసి, ఈసీ మీటరు అనే చేతి పరికరంతో ఉప్పదనం కొలుస్తాం. తరవాత పైరు ఎంత మేర దెబ్బతిందో చూపించాలి. ఆ ఏడాది నుంచి దీనికి డ్రోన్ వీడియో జతచేయమన్నారు. చెరువే కారణమని నేను రాస్తే మండల కమిటీ అనుమతి రద్దు చేసి, చెరువు ఖాళీ చేయిస్తుంది. రూతమ్మ రొయ్యకు అప్పటికి డెబ్బై రోజులు. పట్టుబడికి ఇంకా నెల ఉంది. భర్త పోయాక ఆవిడ సంసారం నడుస్తున్నది ఆ ఒక్క చెరువు మీదే.

డ్రోన్ ఎగరేయడానికి వచ్చినాయన పేరు సాంబశివరావు. గుడివాడలో ఇరవై ఏళ్లు పెళ్లి వీడియోలు తీసిన మనిషి. పొద్దున తీసిన మొదటి వీడియో చూపిస్తే పొలమంతా చిలకపచ్చగా మెరిసిపోతోంది. ఇది పొలమా, పెళ్లి మండపమా అని అడిగాను.

“రంగులు కొంచెం పెంచానండి. జనానికి అదే నచ్చుద్ది” అన్నాడు.

ఇక్కడ జనం లేరు, కమిటీ ఉందన్నాను. అతను ఆ హంగులన్నీ తీసేసి, కెమెరాకు తెలుపు చూపించాలన్నాడు. దాన్ని వైట్ బ్యాలెన్స్ అంటారట. మనం చూపించినదాన్నే కెమెరా తెలుపుగా పెట్టుకుని, మిగతా రంగులన్నీ దాన్నిబట్టి సర్దుకుంటుంది. అందుకు వాడే అట్ట అతను తేలేదు. కాగితం పెడితే గాలికి నిలవలేదు. ఇదంతా చూస్తున్న కోటేశ్వరరావు గారు ఇంటికి మనిషిని పంపి, ఇస్త్రీ చేసిన పంచె తెప్పించారు.

“ఇంతకంటే తెలుపు మీకు బందరులో కూడా దొరకదండీ ఏఓ గారూ” అన్నారు. ఆ మాట నిజమే అనిపించింది. ఆయన పంచె తెలుపుకి ఊళ్లో పేరుంది.

పంచె గట్టు మీద పరిచి, దాన్ని కెమెరాకు చూపించి రెండో వీడియో తీశాం. ఈసారి పొలమంతా పసుపు. పూట తేడాతో అదే పొలం, అదే కెమెరా. నాకేమీ పాలుపోలేదు. మీటరేమో చెరువు గట్టు పక్కన ఉప్పదనం తక్కువని చూపించింది. దూరంగా మురుగు కాలువ వైపు మాత్రం ఎక్కువ. చెరువు వల్లే అయితే చెరువు పక్కనే కదా ఎక్కువుండాలి?

పోనీ స్వయంగా చూద్దామంటే నా కళ్లు కూడా కలిసిరాలేదు. ఆ వేసవిలోనే కుడి కంటికి శుక్లం తీశారు. ఎడమ కన్ను అలాగే ఉంది. కుడి కంటితో చూస్తే పైరు పచ్చగా ఉంది, ఎడమ కంటితో చూస్తే పసుపుగా ఉంది. గట్టు మీద నిలబడి ఒక్కో కన్నూ మూసి తెరుస్తుంటే సాంబశివరావు విచిత్రంగా చూశాడు.

చివరికి చేయకూడని పని చేశాను. మీటరు పాతది, బ్యాటరీ తగ్గి ఉంటుందని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. వీడియో అంత స్పష్టంగా ఉంటే కాదనడం ఎలా? “చెరువును ఆనుకుని పైరు పసుపుబారింది” అని రాసి, శుక్రవారం నివేదిక పంపేశాను. కమిటీ సోమవారం మధ్యాహ్నం కూర్చుంటుంది.

సోమవారం ఆఫీసు తెరిచేసరికి రూతమ్మ వరండాలో ఉంది. ఏడవలేదు, బతిమాలలేదు. తన చెరువు మీద తీసిన వీడియో తనకోసారి చూపించమంది. అడిగే హక్కు ఆవిడకు ఉంది కాబట్టి చూపించాను. ఆవిడ వరి వైపు చూడనే లేదు. చెరువు గట్టు మీద వాలిన పక్షుల్ని వేలితో చూపించింది.

“కొంగలేంటి సార్, పసుపుగా ఉన్నాయి? పొద్దస్తమానం వాటిని అదిలించడమే నా పని. మా దగ్గర పసుపు కొంగలు లేవండీ.”

నిజమే. ఏడెనిమిది కొంగలు, అన్నీ వెన్న రంగులో ఉన్నాయి. సాంబశివరావుకు ఫోన్ చేసి కొంగల సంగతి చెప్పాను. ఆ పంచెకి ఉతికేటప్పుడు నీలం పెట్టారేమో కనుక్కోమన్నాడు. కోటేశ్వరరావు గారికి ఫోన్ చేసి అడిగాను.

“నీలం పెట్టకుండా పంచె ఎట్టా కడతామండీ?” అన్నారాయన. ఆ గొంతులో మోసమేమీ లేదు, ఆశ్చర్యమే ఉంది.

నీలిరంగు తేలిన గుడ్డను తెలుపని చూపించాం. ఆ నీలాన్ని కొట్టేయడానికి కెమెరా ప్రతిదానికీ పసుపు పులిమింది. ముప్ఫై ఏళ్లుగా మా ఇంట్లో నా చొక్కాలకు నీలం పెట్టడం చూస్తూనే ఉన్నాను, ఈ సంగతి మాత్రం తట్టలేదు. కమిటీ కూర్చోకముందే వెళ్లి, నివేదిక వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చాను. సర్వీసులో అలా రాయడం అదొక్కసారే. చాలా సిగ్గేసింది.

బందరు ఫొటో షాపులో ఈ పనికే వాడే బూడిదరంగు అట్ట కొని, కోటేశ్వరరావు గారినీ రూతమ్మనూ గట్టు మీద నిలబెట్టి మూడోసారి తీయించాం. కొత్త బ్యాటరీ వేసి మళ్లీ కొలిస్తే మీటరు పాత అంకెలే చూపించింది. వీడియోలో కొంగలు తెల్లగా వచ్చాయి. మురుగు కాలువ పొడవునా ఒక పట్టీ పసుపుగా ఉంది, చెరువు వైపు పైరు పచ్చగానే ఉంది. కాలువ తూము తలుపు పూర్తిగా మూసుకోక, సముద్రపు పోటు వేళ ఉప్పునీరు వెనక్కి తన్నుతోంది. తలుపు బాగుచేయాలని రాశాను, చేశారు. రూతమ్మ చెరువు జోలికి ఎవరూ పోలేదు.

ఆ వీడియో చూశాక కోటేశ్వరరావు గారు కట్టుకున్న పంచె అంచు పట్టుకుని చాలాసేపు చూసుకున్నారు. “ఇన్నాళ్లూ ఇది తెలుపేననుకున్నానండీ” అన్నారు. రూతమ్మ, “తెలుపే బాబాయి గారూ, కెమెరాకే తెలియలేదు” అంది. ఇద్దరిలో ఎవరిది సరైన మాటో నాకిప్పటికీ తేలలేదు. తరవాత నా ఎడమ కంటికీ ఆపరేషన్ అయింది. ఇప్పుడు రెండు కళ్లూ ఒకే రంగు చెబుతున్నాయి, అది నిజమైన రంగో కాదో ఎవరిని అడగాలో తెలియదు.

నేర్చుకున్నది మాత్రం ఒకటుంది. దేన్ని సరైనదనుకుని కొలత మొదలుపెట్టామో, అది ఎవరింటి నుంచి వచ్చిందో నివేదికలో ముందే రాయాలి. ప్రభుత్వ నమూనాలో ఆ గడి లేదు. రిటైరయ్యేదాకా ప్రతి నివేదికలోనూ దాన్ని చేత్తో గీసి నింపాను.