మా టీవీకి కొత్త స్కిన్

ఆ రోజుల్లో ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడమంటే నాకు మహా నామోషీగా ఉండేది. బందరులో డిగ్రీ చదువుతూ, కంప్యూటర్ కోర్సులో చేరి నెల తిరక్కుండానే సగం ఇంజనీరునైపోయినట్టు తిరిగేదాన్ని (నడక మారిందని మా అమ్మే చెప్పింది, మెచ్చుకోలుగా మాత్రం కాదు). మా అన్నయ్య విశాఖపట్నంలో ఉద్యోగానికి వెళ్తూ, తన పాత కంప్యూటర్ని హాల్లో టీవీకి తగిలించి, పాటలూ ఫోటోలూ సినిమాలూ రిమోట్‌తోనే పెట్టుకునేలా అమర్చి వెళ్ళాడు. తెర తెరిస్తే నీలం రంగు మీద నాలుగు పేర్లు, కావలసినది నొక్కుకోవడమే. నా కంటికది పరమ బోసిగా కనిపించేది.

నాన్నకి గుండె ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. అప్పటికింకా ఆయన భయం భయంగానే ఉండేవారు. కుట్లు ఊడతాయేమోనని నవ్వడమే మానేశారు. దగ్గొస్తే డాక్టరు చెప్పినట్టు గుండెలకి దిండు హత్తుకునేవారు. నలుగురూ వస్తున్నారు కదా, టీవీ కాస్త కళగా ఉండాలని ఆ పొద్దున్నే కూర్చుని దాని రూపమంతా (కంప్యూటర్ భాషలో స్కిన్ అంటారు) మార్చేశాను. "అమ్మా, స్కిన్ మార్చేశా!" అని కేకేస్తే, అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చి, "ఎవరికే? మీ నాన్నకా? మళ్ళీ ఏమైందే?" అంది.

గుడివాడ నుంచి అత్తయ్యా, పాస్టరుగారూ, వీధిలోవాళ్ళూ వచ్చి కూర్చున్నారు. "కీర్తన పెట్టమ్మా, అందరం శ్రుతి కలుపుదాం" అన్నారు పాస్టరుగారు. ఠీవిగా రిమోట్ నొక్కాను. ఢాం! ఆ స్కిన్ తయారుచేసినవాడికి యుద్ధాలంటే ఇష్టం కాబోలు, మీట నొక్కినప్పుడల్లా ఫిరంగి పేలుతుంది (పొద్దున స్పీకర్లు కట్టేసి ఉన్నాయి, నాకేం తెలుసు?). కంగారులో ఆపబోయి మళ్ళీ నొక్కాను. ఢాం! ఢాం! అత్తయ్య చేతిలో టీ చీర మీద ఒలికింది. "గుండాపరేషనైన మనిషి ముందు ఇదేం మోతే!" అని అమ్మ అరిచింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నాన్న దిండు హత్తుకుని ముందుకూ వెనక్కూ ఊగిపోతున్నారు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. "నాన్నా!" అంటూ వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర పడ్డాను. తీరా చూస్తే ఆయన నవ్వుతున్నారు.

"ఏం కాలేదే పిచ్చిదానా... కుట్లు గట్టివే... ఏదీ, ఇంకోసారి నొక్కు!"

పాస్టరుగారు నవ్వాపుకోలేక కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "దేవుడు చేసిన మేలుకి మీ సాక్ష్యం అయిపోయినట్టేనండీ, ఇంక ప్రార్థన చేసుకుందాం" అన్నారు. టీవీ కట్టేసి గొంతులతోనే పాడారు. అందరికంటే గట్టిగా నాన్నే పాడారు, శ్రుతి తప్పుతూ.

సాయంత్రం అన్నయ్యకి ఫోన్ చేసి పాత రూపం తిరిగి తెప్పించే దారి అడుగుతుంటే, నాన్న పక్క గదిలోంచి, "ఉండనీవే, బాగుంది" అన్నారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు మా ఇంట్లో పాటకి ముందు ఫిరంగి పేలుతూనే ఉంది. ఇప్పుడు నా ఫోను తనంతట తాను రంగు మార్చుకున్నా విసుక్కుంటాను, ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచరేం అని. అలా విసుక్కున్న ప్రతిసారీ ఆ తెలిసీ తెలియని పిల్ల గుర్తొస్తుంది. దాన్ని తిట్టడానికి మాత్రం ఎందుకో నాకు నోరు రాదు.