దోన దారిలో బేరం

నా చిన్నప్పుడు నేను దారితో కూడా బేరమాడిన ఘనురాలిని. తార్నాకలో మా మేనత్త గాజుల దుకాణంలో పెరిగినదాన్ని మరి. ఎవరు ఎంత చెప్పినా సగానికి అడగడమే నాకు తెలిసిన విద్య.

యూనివర్సిటీ హాస్టలు అక్కలు మా దగ్గరే గాజులు వేయించుకునేవారు. ఒక ఆదివారం వాళ్లు వ్యాను మాట్లాడుకుని, ఎక్కడో గుట్టల నడుమ ఉన్న దోన చూడడానికి పోతూ మేనత్తనూ నన్నూ ఎక్కించుకున్నారు. దోన అంటే బండ మీద వాననీళ్లు నిలిచే గుంట. రోడ్డు అయిపోయాక చాలాసేపు నడిచాం. మన గొంతే మనకు కొత్తగా వినిపించేంత నిశ్శబ్దం. ఎదురుగా ఉన్న రెండు పెద్ద బండల వెనకే దోన ఉందనీ, కానీ చుట్టూ తిరిగి పోవాలనీ మేకలు కాసే ముసలాయన చెప్పాడు. చుట్టుదారి నాకు మోసంగా తోచింది. అందరూ అటు నడుస్తుంటే నేను బండల మధ్య సందులో దూరాను.

సగం దాకా బాగానే పోయాను. తరవాత రాయి ఛాతీకీ వీపుకీ ఒకేసారి తగిలింది. ముందుకు పోలేను, వెనక్కి రాలేను. తల తిప్పబోతే చెవి గీరుకుంది. ఏడుస్తూ ఊపిరి ఎగబీల్చినకొద్దీ రాయి ఇంకా బిగిసింది. ఇక ఇక్కడే ఉండిపోతాననుకున్నాను.

నా అరుపు విని మేనత్త వెనక్కి వచ్చి, సందులోకి కుడిచెయ్యి చాచి నా చెయ్యి పట్టుకుంది. తిడుతుందనుకుంటే, తాపీగా బేరం మొదలుపెట్టింది.

"కోడలా, ఎర్రగాజులు డజను ఎంతకిస్తవ్? నేనైతే సగమే ఇస్త."

ఏడుపులోనూ నాకు ఒళ్లు మండింది. "సగానికి అసలే రాదు, పోయి చార్మినార్ కాడ అడుగు."

"అడిగిన. గాడ ఇస్తుండ్రు. నీ సరుకే మంచిగ లేదు."

మా సరుకునే అంటుందా అని గుక్క తిప్పుకోకుండా వాదించాను. ఊపిరంతా మాటల్లో అయిపోయి ఛాతీ ఖాళీ అయిన క్షణంలో ఆమె నన్ను బయటికి లాగేసింది. బిగుతు గాజు ఎక్కించేటప్పుడు ఆమె చేసే పనే ఇది: మనిషిని మాటల్లో పెట్టి, చెయ్యి మెత్తబడగానే తోసేస్తుంది. రోజూ పక్కన కూర్చుని చూసేదాన్నే, నా మీదే ప్రయోగిస్తే కనిపెట్టలేకపోయాను.

చివరికి దోన చూశాం, చుట్టూ తిరిగే. నల్లటి నీళ్లు, కదలిక లేదు. మేనత్త చెయ్యి కడుక్కుంటుంటే అప్పుడు గమనించాను. ఆ చేతికి ఒక్క గాజూ లేదు, మణికట్టంతా గాజు ముక్కల గీతలు. భయమైందా అత్తా అని అడిగాను.

"అయింది. గొంతుల ఇనపడనియ్యలే."

ఇన్నేళ్ల తరవాత, మొన్న ఆసుపత్రిలో స్కానింగు గొట్టంలోకి పంపినప్పుడు కూడా ముందు ఊపిరి వదిలాను. రేపెప్పుడైనా ఇరుక్కున్నది నా మనవరాలైతే మాత్రం, నా భయం గొంతులో వినపడకుండా చూసుకుంటాను.

చుట్టుదారి మిగుల్చుకోబోయినందుకు అయిన ఖర్చు: నా మోచేతి తోలు కొంత, మేనత్త కుడిచేతి గాజులన్నీ. ఈ కథ చెప్పినప్పుడల్లా చాలా ఏళ్లు నేను మోచేతినే లెక్కలో చూపించాను.