కంపెనీలో రెండో మనిషి

మా బావ పోయి చాలా ఏళ్ళయింది. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. ఉండాలో పోవాలో నా కోపం నన్నడిగిందా? నాంపల్లి మీదుగా పోతుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

బావంటే మా ఆయన అన్న. మా ఆయన దర్జీ. అబిడ్స్ వెనక గల్లీలో, కిరాయి గదిలో, ఒక్క కుట్టుమిషనుతో సంసారం నెట్టుకొచ్చాడు. జ్వరమొచ్చి ఆయన పోతే, మా బావ దినాలు చేసి, కడుపునిండా తిని, ఊరికి పోయాడు. మిషను ముందు కూర్చున్నది నేను. బడిపిల్లల చొక్కాలు, లాగులు కుట్టాను, బంగారు గాజులు అమ్మాను, ఆ ఒక్క మిషన్ని నాలుగు చేశాను. ముగ్గురు ఆడవాళ్ళకు పని చూపించాను. నిజాం రాజ్యం పోయి కొన్నేళ్ళే అయింది, గల్లాపెట్టెలో ఇంకా పాత హాలీ సిక్కా డబ్బులు, కొత్త రూపాయలు కలిసే పడుతుండేవి. సరిగ్గా అప్పుడు గుర్తొచ్చాను ఆ మహానుభావుడికి.

"తమ్ముని దుకాణమంటె ఇంటి దుకాణమే గద. రేపటి సంది గల్ల కాడ నేను కూసుంట. నువ్వు లోపల కుట్టుకో" అన్నాడు. నా దుకాణంలో, నా ముందర నిలబడి!

దారి చూపింది సుల్తాన్ బజారులో నాకు బట్ట అమ్మే సేటు. "లిమిటెడ్ కంపెనీ పెట్టమ్మా. మిషన్లు కంపెనీవి అయితయి. ఇంటోళ్ళెవ్వరు నాదని చెయ్యి వెయ్యలేరు. కాని నువ్వొక్కదానివే చాలవు, ఇంకో మనిషి కావాలె" అన్నాడు. వకీలు దగ్గరికి పోయాను. "ఆడోళ్ళకు కంపెనీ ఏందమ్మా? మీ బావను తోలియ్యి, మాట్లాడుత" అన్నాడాయన. నేనెవరి నుంచి కాపాడుకోవాలని వచ్చానో, వాణ్ణే పంపమంటాడు! ఛీ అనుకుని బయటికొచ్చాను. వరండాలో కూర్చునే టైపిస్టుకు చెప్పి, కాగితాలు నేనే కొట్టించుకున్నాను.

రెండో మనిషే దొరకలేదు. మా అన్నను అడిగితే "మీ బావతోని పంచాయితి మాకెందుకు చెల్లె" అన్నాడు. దుకాణంలో ఆడవాళ్ళు మొగుళ్ళకు భయపడ్డారు. ఒక సాయంత్రం అందరినీ తిట్టుకుంటూ ఏడుస్తుంటే, పక్కన గుండీలు కుడుతున్న మా అత్తమ్మ తలెత్తకుండానే "నేనొస్త తియ్యి" అంది.

"నీ పెద్దకొడుకు మీదికా అత్తమ్మా?"

"చిన్నోడు పోయినంక నాకింత బువ్వ పెట్టిందెవరు? పెద్దోడా?"

ఇద్దరం నాంపల్లిలో కంపెనీలు రిజిస్టరు చేసే దఫ్తరుకు పోయాం. ఎవరు చెప్పారో ఏమో, బావ మాకంటే ముందే వచ్చి, గుమస్తా పక్కన కూర్చుని సాసర్లో చాయ్ పోసుకుని తాగుతున్నాడు. కన్నతల్లి ఎదురుగా వచ్చి నిలబడితే ఎవరో దారినపోయే మనిషిని చూసినట్టు చూశాడు.

అత్తమ్మకు సంతకం రాదు, వేలిముద్రే. గుమస్తా కాగితం దగ్గరికి జరుపుకున్నాడు. "ముసలమ్మా, నువ్వెవరివో, ఎవరి భార్యవో నీ నోటితోని నువ్వే చెప్పాలె. మొగని పేరేంది?"

ఈ ప్రశ్న ఎవరు నేర్పి ఉంటారో నాకు వెంటనే అర్థమైంది. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందట. మామ పోయి ఎన్నో ఏళ్ళయినా అత్తమ్మ నోట ఆ పేరు రాలేదు. మా ఊళ్ళో అదే పేరున్న పాలాయన్ని కూడా "ఓ పాలాయనా" అనే పిలిచేది.

"పెద్దోని నాయిన" అంది అత్తమ్మ.

గుమస్తా పకపకా నవ్వాడు. "పెద్దోని నాయిన అని రాస్తరా కాగితంల?"

"పేరు నేను చెబుతాను, రాసుకోండి" అన్నాను.

"నిన్నడిగిన్నా? జర సబర్ చెయ్యి."

బావ చాయ్ ఊదుకుంటూ ముసిముసిగా నవ్వుతున్నాడు. ఆ సాసరు గుంజుకుని వాడి మొహాన కొట్టాలనిపించింది. ఎందుకు కొట్టలేదా అని ఇప్పటికీ అనుకుంటాను.

అత్తమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. మామ పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది. ఆమె గొంతులో ఆ పేరు వినడం నాకదే మొదలు.

"వినవడలే. మళ్ళ చెప్పు" అన్నాడు గుమస్తా. వినపడింది వాడికి! తమాషా చూస్తున్నాడు.

ఈసారి వరండాలో వాళ్ళు తలలు తిప్పేంత గట్టిగా చెప్పింది. "రాసుకున్నవా? ఇగో, గీడ చాయ్ తాగెటోడు ఆయన కొడుకే. నేను కన్నోడే. నిజమో కాదో వాన్నే అడుగు."

గుమస్తా బావ వైపు తిరిగాడు. అందరూ తిరిగారు. బావ సాసరు కింద పెట్టబోతే చాయ్ ధోతి మీద ఒలికింది. అంతమంది ముందు కన్నతల్లిని కాదనే ధైర్యం లేకపోయింది వాడికి.

"ఔ" అన్నాడు.

గుమస్తా ఇంకు డబ్బా ముందుకు జరిపాడు. అత్తమ్మ చేత వేలిముద్ర వేయించింది నేనే. కొన్నాళ్ళకు కంపెనీ కాగితం చేతికొచ్చింది, బావ మళ్ళీ మా గడప తొక్కలేదు.

ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో నేను సంతోషం పట్టలేక బావను తిడుతూనే ఉన్నాను. పక్కకు తిరిగి అత్తమ్మను చూస్తే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"ఆయన ఉన్నన్ని దినాలు గా పేరుతోని ఒక్కసారన్న పిలువకపోతి బిడ్డా" అంది. "ఆఖరికి గా గుమస్తగాడు వినె."