రాయి గండం తీసుకుందన్నాను

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. పంజాగుట్టలో, అమీర్‌పేట వైపు తిరిగే సందులో మాది జాతిరాళ్ల దుకాణం. మధురానగర్ నుంచి సుజాత అనే ఆవిడ తన భర్త సత్తయ్య వెండి ఉంగరాన్ని శుభ్రం చేయించడానికి తెచ్చింది. అందులో మూన్‌స్టోన్.

"జర జల్ది ఇయ్యన్నా. ఎల్లుండి ఆయనకు యాంజియోగ్రామ్ ఉంది. గిది వేలికి లేకుంటే కదలడు."

మూన్‌స్టోన్‌ను ముత్యానికి బదులుగా, చంద్రుడి ఉపరత్నంగా వాడతారు. మనసును చల్లబరుస్తుందని వెండిలో పొదిగించి సోమవారం పూట తొడుక్కుంటారు. అది నమ్మకం. నాకు తెలిసింది రాయి సంగతి. ఒళ్లు తేటగా ఉండాలి, తిప్పుతుంటే లోపల నీలి వెలుగు తేలుతూ కదలాలి. దాన్ని షీన్ అంటాం, విలువంతా దానిదే. ఎటు తిప్పినా ఒకేలా నీలంగా ఉంటే చాలావరకు ఓపలైట్ అనే గాజు. రాయిలోని పలుచని పొరల వల్లే ఆ వెలుగు, ఆ పొరల వెంటే చీలిక కూడా. అందుకే అల్ట్రాసానిక్‌లో, అంటే నీళ్లను అదిరించి మురికి వదిలించే మెషీన్‌లో, దాన్ని వేయకూడదు.

తెలిసీ వేశాను. బేరాల హడావుడిలో మిగతా ఉంగరాలతో కలిపి పడేశాను. తీసేసరికి రాయి అడ్డంగా చీలింది.

ఇలాంటప్పుడు అనడానికి మా బజారులో సిగ్గులేని మాట ఒకటుంది. నాసిరకం అంటగట్టినా అదే, బిగిస్తూ పగలగొట్టినా అదే. నేనూ అదే అన్నాను.

"మంచిదేనమ్మా. మీవారికి రావలసిన గండం రాయి తీసుకుంది."

ఆమె చీలిన రాయిని కళ్లకద్దుకుంది.

మర్నాడు సాయంత్రం స్వీటు డబ్బాతో వచ్చింది. "నీ నోట్ల చక్కెర పొయ్యాలె అన్నా! గండం పోయింది గదా, ఇగ దవాఖాన ఎందుకంటుండు. మెట్లెక్కితే సుత ఛాతి పట్టేస్తది గానీ, ఫికర్ లేదంట."

నోట్లో పెట్టుకోబోయిన కోవా చేతిలోనే ఉండిపోయింది.

"గండం లేదు, గాడిదగుడ్డూ లేదమ్మా. మెషీన్‌లో వేసి నేనే పగలగొట్టాను."

ఆమె చటుక్కున డబ్బా మూత పెట్టేసింది. "పలిగితే పలిగిందని చెప్పనీకె ఏం రోగం నీకు? ఆయన పానంతోని ఆటలా? నడువ్, గా మాట నువ్వే చెప్పు. నేను చెప్తే నమ్మడు."

వాళ్లింటికి వెళ్లి జరిగింది చెప్పాను. సత్తయ్య నవ్వాడు. "మా ఆమె బెదిరిచ్చి తోలుకొచ్చిందా సేటూ?"

జేబులోంచి మరో మూన్‌స్టోన్ తీసి గడప మీద పెట్టాను. సుత్తి అడిగి ఒక్కటేశాను. రెండు చెక్కలైంది.

"దీనికి ఎవరి గండం తగిలింది సత్తయ్యా?"

అతని నవ్వు ఆగిపోయింది. మర్నాడు ఆసుపత్రికి వెళ్లాడని, స్టెంట్లు వేశారని తరవాత తెలిసింది.

ఆ మాట ఇప్పటికీ పక్క దుకాణాల్లో వినిపిస్తుంది. ఒళ్లు మండుతుంది. ఎంత తేలిగ్గా నోటికొస్తుందో నాకు తెలుసు, మంట అందుకే. రాయి పగిలితే "నా చేతిలో పగిలింది" అనడమే ఈ పనిలో నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం.

సుజాత ఇంకా నా దగ్గరికే వస్తుంది. ఏ ఉంగరం తెచ్చినా ఇచ్చి వెళ్లిపోదు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంటుంది. "సబ్బునీళ్లతోని కడుగు. నేను చూస్తుంటా."