వాన ముగ్గు మీద ఖోఖో

ఆ రోజుల్లో మా ఊళ్లో ఆడపిల్ల పరుగెత్తిందంటే, బోరింగులో నీళ్లు వచ్చాయనో, గొర్రెలు చేలో పడ్డాయనో అర్థం. ఊరికే, ఆనందం కోసం పరుగెత్తడం మగపిల్లల హక్కు. వాళ్లకు బడి ముందున్న జాగా, ఎండిన చెరువు, వీధి మొత్తం ఉండేవి. మాకు వాకిలి ఉండేది, అదీ ఊడ్చడానికి. ఇది ఎనభైల తొలినాళ్ల మాట. తేదీ కూడా చెప్పగలను (దినచర్య రాసే జబ్బు అప్పటికే పట్టుకుంది), కానీ తేదీలతో ఎవరినీ విసిగించనని ఇంట్లోవాళ్లకు మాట ఇచ్చాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, విజిల్ సారని మేము పిలుచుకునే డ్రిల్లు మాస్టారు (ఇంట్లో కాఫీ అడగడానికి కూడా విజిలే ఊదుతారని మా నమ్మకం) ఒక శుక్రవారం ఆడపిల్లలందరినీ నిలబెట్టి, "కదిరిలో ఖోఖో పోటీలుండాయి. సోమవారానికంతా మీరు ఆడేదానికి జాగా సూపిస్తే పేర్లు పంపిస్తా. లేకుంటే మగపిల్లోల్లే పోతారు" అన్నారు. నాకు చెప్పలేనంత రోషం వచ్చింది. ఆ సాయంత్రమే గ్రాఫు కాగితం మీద స్కేలు పెట్టి మైదానం గీశాను. ఎవరి కంటా పడకుండా ఊరి వెనక గడ్డివాముల చాటున పెట్టాను. అమ్మ ఆ కాగితాన్ని పొయ్యి వెలుతురులో చూసి, "కండ్లకు అగపడని చోటికి పిల్లోల్లను ఎవురే పంపించేది? ఆడ పామున్నా, మనిషున్నా మాకెట్ల తెలిసేది?" అంది. దాచితేనే రక్షణ అనుకున్న నా మొదటి నమూనా అక్కడితో పొయ్యిలోకి పోయింది.

రెండో నమూనాకు మర్నాడు ఊరంతా తిరిగాను. కరువు కాలంలో మా ఆడవాళ్లందరూ పొద్దస్తమానం కనిపించే చోటు బోరింగు ఒక్కటే. బిందెలు వరుసలో పెట్టి గంటలకొద్దీ కూర్చునేవారు. దాని పక్కనే ఊరుమ్మడి కళ్లం. వానలు లేక శనక్కాయ పంట రాలేదు గనుక నూర్పిళ్లు లేవు. పక్కనే కానుగ చెట్టు నీడ, అమ్మల కళ్లముందే ఆట. లోపమల్లా ఒకటే, ఆ కళ్లం మీద మా మేనమామ నాయకత్వాన పేకాట సాగేది. ఎప్పుడు చూసినా చేతిలో జోకరే ఉండేది కాబట్టి ఆయన జోకర్ మామ. "జాగా ఇయ్యి మామా" అంటే, "పంట వస్తే ఇస్తాలేమ్మే, అంతవరకు మా పంట ఇదే" అని ముక్కలు పంచాడు.

నా మొర విన్నది మా నాన్నమ్మ, జేజి ఒక్కతే. ఆదివారం తెల్లవారకముందే మమ్మల్నందరినీ లేపింది. పేడనీళ్లతో కళ్లమంతా అలికించింది. ఆ పైన నా రెండో గ్రాఫు కాగితం ప్రకారం, నడిమి గీత, అడ్డగీతలు, గడులు, అన్నీ తన చేత్తో ముగ్గుపిండితో వేసింది. (నూలు పట్టుకుని కొలిచింది నేను. ఒకచోట జానెడు వంకర పోయింది. ఇప్పటికీ బాధే.) మధ్యాహ్నం చాప చంకన పెట్టుకుని వచ్చిన జోకర్ మామ, అతని బృందం కళ్లం అంచున ఆగిపోయారు. ముగ్గు తొక్కే మగవాడు మా వైపు ఇంకా పుట్టలేదు.

"ఇదేం పండగ అత్తా?" అన్నాడు మామ.

"వాన రావాలని ఏసినాం నాయనా. తొక్కేట్లుంటే తొక్కు, నీ ఇష్టం. రేపు మేఘం పోతే ఊరోల్లకు నువ్వే జవాబు చెప్పుకో."

మామ చాప తీసుకెళ్లి రోడ్డు గట్టున పరిచాడు. మేము విజయగర్వంతో లంగాలు ఎగదోపి వరుసలో కూర్చున్నాం. మాలో అందరికన్నా వేగంగా పరుగెత్తే గాలిపటం (సన్నగా ఉండేది, అందుకే ఆ పేరు) ఒక్క దూకు దూకి, నడిమి గీత దగ్గర గిరుక్కున ఆగి, ఒంటికాలి మీద కొంగలా నిలబడిపోయింది. నేను లేచాను. నా కాలూ గాలిలోనే ఆగింది. పుట్టినప్పటి నుంచి తొక్కని ముగ్గు, అందులోనూ వాన ముగ్గు! మగవాళ్లను ఆపడానికి పన్నిన ఉపాయం మమ్మల్నే బిగించింది. గట్టు మీద పేకముక్కలు ఎగిరేంతగా నవ్వారు. "ఏమప్పా, కదిరికి పోయేది ఈ బొమ్మలేనా?" అని మామ అరిచాడు. జాగా చూడటానికి వచ్చిన విజిల్ సారు కూడా వాళ్ల పక్కనే నిలబడి ఉన్నారు. రేపు సోమవారం.

అప్పుడు జేజి చీర కుచ్చిళ్లు పైకి దోపి, తను వేసిన నడిమి గీత మీద ఈ చివర నుంచి ఆ చివరకు దబదబా నడిచింది. "మేఘానికి చెవుడు పట్టుండాది. ఆడోల్లు దీని మీద ఎగిరితేనే దానికి ఇనపడేది. మగోల్లు తొక్కితే అలుగుతాది. తొక్కండే!" ఆ నియమం ఆ క్షణంలో పుట్టిందని నాకు తెలుసు. ఊరు మాత్రం అనాదిగా విన్నట్టే తలూపింది. సారు విజిల్ ఊదారు. మేము పరుగెత్తాం.

ఆ ఏడు వాన రాలేదు. దాంతో మా ఆట ఆపుతారనుకుంటే, జరిగింది వేరు. "గట్టిగా ఎగరడం ల్యా ఈ పిల్లోల్లు, ఇంగా గట్టిగా!" అని గట్టు మీద నుంచి జోకర్ మామే అరిచేవాడు. బిందెలను వరుసలో తమ బదులుగా వదిలి, వదినలు, పిన్నమ్మలు ఒక్కొక్కరే కళ్లంలోకి దిగారు. ఒకరోజు మా అమ్మ కొంగు బిగించి నా వెంటపడి తరిమి, వీపు మీద ఒక్కటి చరిచి, చిన్నపిల్లలా నవ్వింది. కదిరిలో మేము మొదటి ఆటలోనే ఓడిపోయాం. అక్కడి సున్నపు గీతల దగ్గర గాలిపటానికి మళ్లీ కాలు ఆగింది. తిరిగొచ్చిన సాయంత్రం మాత్రం ఒక్కరూ ఇంటికి పోలేదు. అందరం కళ్లానికే పోయాం.

ఇప్పుడు మా కాలనీలో పార్కు కడుతున్నారు. ఆడవాళ్ల కోసమని చుట్టూ ఎత్తైన గోడ గీసిన పటం చూపించారు. గోడ తీసేసి, పార్కును నీళ్ల కుళాయి దగ్గరకు జరపమని స్కేలు పెట్టి మరీ చెప్పాను. వినేదాకా వదిలేది లేదు. పొద్దున నడకకు వెళ్తే దారిలో తెల్లగీత కనిపించినప్పుడల్లా నా కాలు ఒక్క క్షణం గాలిలో ఆగుతుంది. తర్వాత, చుట్టూ ఎవరూ చూడటం లేదని నిశ్చయించుకుని, అవసరమైనదానికన్నా కాస్త గట్టిగానే మోపి, ఆకాశం వైపు చూస్తాను.