అడవి రోడ్డు మీద పట్నం సైకిళ్లు

ఈ ఉదయం అచ్చంపేట దాటి అడవి రోడ్డు మీద సైకిల్ తొక్కుతుంటే, పట్నం నుంచి వచ్చిన సైకిల్ బృందం ఒకటి ఎదురైంది. వెనకాలే వాళ్ల కారు, అందులో చెవులు పగిలే పాట. ఆ మోతకు, రోడ్డు పక్కన ఎల్లమ్మ అనే ఆమె కాస్తున్న మేకలు బెదిరి చెట్లలోకి పరుగెత్తాయి.

"జర గా పాట బంద్ జెయ్యిండ్రి సారూ, లోపల చిరుత తిరుగుతాంది," అని ఆమె బతిమాలింది.

"కొంచెం పక్కకు జరుగమ్మా, వీడియోలో పడుతున్నావు," అన్నాడొకడు, నల్ల కళ్లద్దాలైనా తీయకుండా.

నేను సైకిల్ పక్కన పడేసి ఆమె వెంట వెళ్లాను. మేకలన్నీ దొరికేసరికి ఎండ నెత్తికెక్కింది.

సాయంత్రం వాళ్ల వీడియో నా ఫోన్‌లోకే వచ్చింది. "మనిషి జాడే లేని ప్రశాంతమైన దారి" అట! పాట తీసేసి పిట్టల కూతలు అతికించారు. ఇలాంటి వాళ్లను పిలవడానికి మర్యాదైన మాట ఏదైనా ఉంటే చెప్పండి, నాకైతే ఒక్కటీ తోచడం లేదు.