కన్ను తెరిచిన కారు

నంద్యాలలో మా వీధి మొగదల ఈ మధ్యే ఒకాయన ఫైబరు తలుపులు చేసే అంగడి పెట్టాడు. బడి నుంచి వస్తూ ఆ అంగడి ముందుకు రాగానే, డబ్బాలో కలుపుతున్న జిగురు వాసన గొంతులోకి కారంగా దిగి కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది. అందరూ ముక్కు మూసుకుని పోతుంటే నేను మాత్రం పిచ్చిదానిలా నిలబడి పీలుస్తాను. ఆ వాసనలో నాకు ఆళ్లగడ్డ, మా నాయన తండ్రి, జేజినాయన, శిల్పాలు చెక్కే కొట్టం, ఆ కొట్టం మధ్యలో చక్రాలు లేకుండా దిమ్మెల మీద నిలబడిన చిన్న తెల్ల కారు కనిపిస్తాయి. ఇరవై ఏళ్లు దాటినా ఆ ఎండాకాలం నాకు పూర్తిగా అర్థం కాలేదు.

మా ఇంట్లో పొద్దు ఉలి చప్పుడుతోనే మొదలయ్యేది. పొద్దున్నే అమ్మ బొరుగులతో ఉగ్గాని చేసి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ఇచ్చేలోపు పళ్లెం మీద సన్నగా రాతి పొడి పడేది, అది ఊదుకుని తినడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య. శనగ కోతల రోజుల్లో పచ్చి శనగ చెట్లు కాల్చుకుని తింటూ, మూతులు నల్లగా చేసుకుని, సగం చెక్కిన నంది వీపు మీద కూర్చుని అచ్చనగండ్లు ఆడేవాళ్లం. ఉలి కింద రాలిన గుండ్రటి రాతి ముక్కల్ని ఏరుకోవడంలో మాకు గొడవలు కూడా అయ్యేవి. జేజినాయన మాత్రం ఏ గొడవా చెవిన పెట్టకుండా, ఎర్రరంగులో ముంచిన దారాన్ని రాతి మీద పట్టి టప్పున వదిలి, పడిన గీత వైపు చాలాసేపు చూస్తూ ఉండేవాడు.

ఆయన చిన్న కొడుకు, మా చిన్నాయన, ఉలి పట్టలేదు. చెన్నైలో కార్ల మెకానిక్ పని నేర్చుకుని వచ్చాడు. పని ఒక్కటే నేర్చుకుని వచ్చి ఉంటే బాగుండేది. ఆ ఊరి అవతల ట్రాక్ మీద కార్ల పందేలు చూసి, ఆ పిచ్చి కూడా వెంట తెచ్చుకున్నాడు. చాగలమర్రి దగ్గర లారీ గుద్దేసి ముందు భాగం నుజ్జయిన ఒక చిన్న కారు, వెనక తలుపు పైకి లేచే రకం, ఎవరికీ అక్కర్లేక పడుంటే ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చి కొట్టంలో పెట్టాడు. "దీన్ని పందెం కారు చేస్తాండా" అన్నాడు.

చేస్తాండా అని ఆయన అనడమే గానీ, నేను చూసిందంతా విప్పడమే. వెనక సీటు తీశాడు, కింద పరిచిన గుడ్డ తీశాడు, దాని కింద చప్పుడు రాకుండా అంటించిన తారు పలకల్ని సుత్తితో కొట్టి పెళ్లలు పెళ్లలుగా రాల్చాడు. కిటికీ అద్దాలు పోయి ప్లాస్టిక్ రేకులు వచ్చాయి. పాటల పెట్టె, చల్లగాలి మిషను కూడా వెళ్లిపోయాయి. అన్నీ తీసేస్తే ఇంక కారు ఏముంటుందని నేను అడిగితే, బరువు తగ్గితే బండి లేస్తాదని చెప్పాడు. లేవడమంటే గాల్లోకి ఎగరడమేమోనని నేను చాలా రోజులు నమ్మాను, బడిలో నలుగురికి చెప్పాను కూడా. బరువు తగ్గాలన్న మనిషే మళ్లీ నంద్యాల నుంచి ఇనుప పైపులు తెచ్చి, వంచి, కారు లోపల పంజరం లాగా వెల్డింగు చేస్తుంటే నా తల తిరిగింది. పల్టీ కొడితే లోపలున్న మనిషి చావకుండా అది కాపాడుతుందట. పల్టీ కొట్టే పనికి ఇంత కష్టమెందుకని మా అమ్మ గొణిగింది.

స్ప్రింగులు కత్తిరించి కారును నేలకు దించాడు. ఒకనాడు శనగలు తూకం వేసే కాటాలు నాలుగు ఎవరినో బతిమాలి తెచ్చి, చక్రానికొకటి పెట్టి, తాను కూర్చోవలసిన సీట్లో తన బరువంత శనగల మూటను పెట్టి బెల్టు బిగించాడు. బరువు నాలుగు చక్రాల మీదా సరిగ్గా పడేలా, కాటాల ముళ్లు చూసుకుంటూ బ్యాటరీని ఒకసారి అటు, ఒకసారి ఇటు జరిపాడు. దారిన పోయే వాళ్లందరూ వచ్చి, శనగల మూటకు బెల్టు ఎందుకు కట్టారో తెలియక, అడగడానికి మొహమాటపడి, చూసి పోయారు. నాకూ తెలియదు గానీ, తెలిసినట్టు నిలబడ్డాను.

నుజ్జయిన మూతి స్థానంలో ఫైబరు మూతి పెట్టాలి. ఆ పని చిన్నాయనకు రాదు. దేవుళ్ల వాహనాలకు అచ్చులు పోసి పోసి చేయి తిరిగిన జేజినాయనకు వచ్చు. ఆయన ఆ కారును అప్పటిదాకా తలెత్తి చూడలేదు. మట్టితో మూతి చేయడం మొదలుపెట్టాక మాత్రం అన్నానికి పిలిచినా రాలేదు. మట్టి అచ్చు మీద పోసిన ఫైబరు జిగురు ఆరి, మూతి బిగించాక, చిన్నాయన లైట్ల బొక్కలకు రేకు కొట్టబోయాడు.

"కండ్లు మూసేస్తాండావేందీ?" అన్నాడు జేజినాయన.

"ఆడ పగలే పందెం నాయనా. గాజు పగిలితే వెనకొచ్చేటోళ్లకు గుచ్చుకుంటాది."

"నా చేతి పని కండ్లు లేకుండా కొట్టం దాటదు."

నాయన మాట కాదనలేక చిన్నాయన లైట్లు పెట్టి, ట్రాక్ దగ్గర టేపు అంటిస్తానన్నాడు. అంతటితో పోలేదు. మా ఇళ్లలో విగ్రహానికి చివరిరోజు బంగారు సూదితో కన్ను గీస్తారు. తెరిచిన కన్ను మొదట అద్దాన్ని, ఆవూదూడల్ని, ఆడపిల్లను చూడాలి. ఆ తర్వాత దాని మీద ఉలి పడకూడదు, పడితే అంతవరకూ చేసిందంతా వట్టి రాయే. ఇదంతా కారుకు కూడా చేయాల్సిందేనన్నాడు జేజినాయన. నాకు పట్టుపావడా కట్టి, చేతికి అద్దమిచ్చి, పక్కింటి ఆవూదూడల పక్కన నిలబెట్టారు. చిన్నాయన స్విచ్చి వేశాడు. రెండు లైట్లూ నా మొహాన పడ్డాయి. ఆవు బెదిరింది. నేను నవ్వాలో దండం పెట్టాలో తెలియక రెండూ చేశాను.

బడికి సెలవులు కాబట్టి చెన్నై పందేనికి నన్నూ తీసుకుపోయారు. మినీ లారీలో కారు, ముందు జేజినాయన, చిన్నాయన, నేను, నా ఒళ్లో చింతపండు పులిహోర డబ్బా. ట్రాక్ దగ్గర బండ్లను పరీక్ష చేసే ఆయన మా కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, పంజరం బాగుందని మెచ్చుకున్నాడు. తర్వాత ముందు వంగి చూసి, లాగడానికి కొక్కెం ఏదన్నాడు. కారు ట్రాక్ మీద ఆగిపోతే తాడు కట్టి లాగేందుకు ముందూ వెనకా కొక్కేలు ఉండాలి. కొత్త మూతి సంబరంలో ముందు కొక్కెం మాట అందరూ మరిచిపోయారు. మధ్యాహ్నం లోపల బిగించుకుంటే పందెంలోకి రావచ్చన్నాడు ఆయన. మూతికి రెండు రంధ్రాలు, లోపలి ఇనుముకు రెండు బోల్టులు, పది నిమిషాల పని.

చిన్నాయన పక్కవాళ్లను అడిగి డ్రిల్లింగు మిషను తెచ్చి, కారు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. కూర్చుని, కన్ను తెరిచిన మూతికి రంధ్రం పెట్టొచ్చా అన్నట్టు జేజినాయన వైపు చూశాడు.

"నేను రాతికి చెప్తా. ఇనుము సంగతి నాకు తెల్దు. నీ ఇష్టం" అన్నాడు జేజినాయన, గొంతు మామూలుగానే.

చిన్నాయన మిషను మొన మూతికి ఆనించబోయి వెనక్కి తీశాడు. అవతల కార్లు రయ్యిమని తిరుగుతున్నాయి. రెండేళ్ల నుంచి ఆయన వేరే పని పట్టకుండా చేసిందంతా ఆ మిషను కొసన ఉంది. ఉన్నట్టుండి నా వైపు తిరిగాడు. "ఇది మొదట చూసింది నిన్నే గదా. చెప్పు పాపా, వేయనా?"

నాకేం తెలుసు? పదేళ్ల పిల్లను. వేయమంటే ఏదో పాపం, వద్దంటే ఇంకేదో పాపం అనిపించింది. ఆ లైట్లు నన్నే చూస్తున్నట్టుంటే "వద్దు చిన్నాయనా" అన్నాను.

ఆయన మిషను తిరిగి ఇచ్చేసి వచ్చాడు. కారును మళ్లీ లారీ ఎక్కించారు. దారిలో పులిహోర తిన్నాం, చిన్నాయన తన వాటాలో సగం నాకే పెట్టాడు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. చిన్నాయన మళ్లీ ట్రాక్ పేరెత్తలేదు, ఇండ్లకు ఇనుప గేట్లు చేసే పనిలో పడ్డాడు. పనిముట్టు తగలకూడదు గనక కారు కొట్టంలో అట్లే తుప్పు పట్టింది.

ఇప్పుడు ఆ కొట్టం లేదు, జేజినాయన లేడు, మిషన్లు రాళ్లు కోస్తుంటే ఉలి చప్పుడు ఎవరికీ వినబడదు. కారును పాత ఇనుము వాళ్లు ఎత్తుకుపోయారు. నేను పిల్లలకు భౌతికశాస్త్రం చెప్తాను, రెండు రంధ్రాలతో ఏ కన్నూ మూసుకుపోదని నాకు బాగా తెలుసు. అందుకే వద్దన్న ఆ మాట ఇన్నేళ్లూ నన్ను తొలిచింది. మొన్న ఆళ్లగడ్డ పోయినప్పుడు చిన్నాయన పక్కన కూర్చుని, నా వల్లే గదా నీ పందెం పోయిందని అనేశాను.

ఆయన వింతగా చూశాడు. "నువ్వు వద్దంటావనే నిన్నడిగితి పాపా. ఆడ కార్లు తిరిగేది దగ్గరనుంచి చూస్తానే నాకు ధైర్యం పోయె. భయమని నాయన ముందర యాడ చెప్పేది?"

అది నిజమో, నా బరువు దించడానికి అప్పటికప్పుడు అల్లిందో నాకు తెలియదు. తప్పు నాది కాదని తేలితే మనసు తేలిక కావాలి కదా. బస్సులో తిరిగి వస్తూ ఏడ్చాను. ఒక పెద్ద మనిషి తన జీవితాన్ని ఆపి నా మాట అడిగాడని, విన్నాడని, నా చిన్నతనం మొత్తానికి నాకు మిగిలిన గొప్ప అదొక్కటే, ఇప్పుడు అదీ చేజారింది.